పాడుచేసిన కుక్కల ఫోటోలు, కుదిరిన ఒకటి

నా ఇల్లు నడిచింది పెళ్లి ఫోటోలతో. కరీంనగర్‌లో కొన్నేళ్లు ఒకరి దగ్గర పనిచేసి, తర్వాత బెల్లంపల్లిలో సొంత దుకాణం పెట్టుకుని, రంగుల ఫిల్ము వచ్చి నా చీకటి గది మూతపడేదాకా పెళ్లిళ్లే నన్ను సాకాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. అందరూ తీసినట్టే తీశాను.

ఈ మధ్య మా వైపు కుర్రవాళ్లు కొందరు ఇంటికి వచ్చారు. పెంపుడు కుక్కల ఫోటోలు తీయడమే పనిగా పెట్టుకున్నారట. ఆరుబయట కుక్కను ఎలా తీయాలో చెప్పమన్నారు. నేను తీసిన కుక్కలు ఎవరింట్లోనో చూసి, బాగున్నాయని వచ్చారు. వాళ్లు చూసినవి నేను దుకాణం అద్దంలో పెట్టిన బాపతు. అద్దంలో పెట్టనివి ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. నేర్చుకోవాల్సింది ఆ పెట్టెలోనే ఉంది కాబట్టి దాని గురించే రాస్తాను.

ఆ ఫోటోలన్నీ నేల మీద పరిచి చూడండి. మొదటి పదేళ్లలో నేను తీసిన కుక్కలన్నిటికీ చెవులు వెనక్కి అంటుకుని ఉంటాయి. తోక కడుపు కిందికి పోయి ఉంటుంది. కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తుంటుంది. ఊరకుక్క గానీ, దొర ఇంటి బొచ్చుకుక్క గానీ, గని ఆఫీసరు ఆల్సేషన్ గానీ, అన్నిటికీ అదే ముఖం. ఇన్ని ఇళ్ల కుక్కలకు ఒకే ముఖం ఎలా వచ్చిందని చాలా ఆలస్యంగా ఆలోచించాను. అవన్నీ చూస్తున్నది నన్ను. నేను వాటికి ఎలా కనిపించానో ఆ ఫోటోల్లో ఉంది.

ఉస్తాద్ పెన్సిలు

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల మాకు కాలేజీ సరిగా నడవలేదు. ఊరికే తిరుగుతున్నానని మా బాపు నన్ను కరీంనగర్‌లో ఒక స్టూడియోలో పెట్టాడు. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. నేను అక్కడ మొదట నేర్చుకున్నది ఫోటో తీయడం కాదు, దిద్దడం.

ఇప్పటివాళ్లకు ఆ పని తెలియదు. నెగటివ్ మీద వార్నిషు లాంటి మందు పలచగా పూసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా గీస్తాం. గీసిన చోట ప్రింటులో తెల్లబడుతుంది. ఆ రోజుల్లో అమ్మవారి మచ్చలు లేని ఇల్లు తక్కువ. మచ్చలున్న ఆడపిల్లలు పెళ్లి చూపులకు పంపే ఫోటో కోసం తల వంచుకుని వచ్చేవారు. ఉస్తాద్ వాళ్ల ముఖాలను గంటల తరబడి ఒక్కొక్క చుక్కా పూడ్చుకుంటూ బాగుచేసేవాడు.

"బేటా, గిరాకి రోజు అద్దంల చూసుకుంటనే ఉంటడు. మల్ల ఒక అద్దం మన దగ్గర కొనుక్కుంటడా?" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పెన్సిలు పట్టుకునే ముందు ప్రతి మనిషినీ అడిగేవాడు, "గీ మచ్చ ఉంచాల్నా, తియ్యాల్నా?" అని. ఒకసారి ఒక రైతు నుదుటి మీద పెద్ద కోత గుర్తు తడుముకుని, "ఉంచుండ్రి సాబ్, గిది ఎద్దు పొడిచింది. గా ఎద్దు ఇప్పుడు లేదు" అన్నాడు. ఉస్తాద్ ఉంచాడు.

నాకు ఆయన చేతివాటం వచ్చింది, పద్ధతి రాలేదు. అడగడం నాకు నామోషీ. ఏది బాగుంటుందో నాకు తెలియదా అనుకునేవాణ్ని. పని త్వరగా వచ్చినవాళ్లకు ఈ జబ్బు వస్తుంది. మీలో ఎవరికైనా చేయి తొందరగా తిరిగితే, దాన్ని చూసి భయపడండి.

పోశం చేయి

డెబ్భైల మొదట్లో జగిత్యాల వైపు ఒక దొర గడికి ఉస్తాద్ నన్ను ఒక్కణ్నే పంపాడు. హైదరాబాదు నుంచి తెల్ల బొచ్చుకుక్కను తెప్పించారు, దాన్ని గడి మెట్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో కావాలన్నారు. అప్పట్లో అందరికీ కుక్కంటే కుర్చీయే. బొట్టు పెట్టేవారు, మెడలో దండ వేసేవారు, పెళ్లికొడుకును నిలబెట్టినట్టు నిలబెట్టేవారు.

భోజనాలయ్యాక తీయమన్నారు. చైత్రమాసం ఎండ. కుక్క కుర్చీ ఎక్కడం, దూకడం. నేను "ఇటు, ఇటు" అని చిటికెలు వేస్తున్నాను. నా చిటికెలకు అది ఇంకా బెదురుతోంది.

"ఏమయ్యా, ఇంకెంతసేపు?" అన్నాడు దొర నీడలోంచి.

"కుక్క కూసుంటలేదు దొరా."

"పోశిగా, ఒక్కటెయ్యి దానికి."

పోశం ఆ ఇంట్లో జీతం ఉన్న మనిషి. కుక్కకు అన్నం పెట్టేదీ, స్నానం చేయించేదీ అతనే. అతను కొట్టలేదు. కుర్చీ పక్కన ఎండలో మోకాళ్ల మీద కూర్చుని దాని వీపు మీద చేయి పెట్టాడు. "ఊకో బిడ్డా, ఊకో. అయిపాయె" అన్నాడు. కుక్క వణుకు ఆగింది. చెవులు ముందుకు వచ్చాయి. నేను నొక్కాను. ఆ రోజు తీసిన వాటిలో కుక్క కుక్కలా ఉన్నది అదొక్కటే.

దొర అన్నాడు, "వాని చెయ్యి కనవడొద్దు."

నాకు అది కష్టమైన మాటగా అనిపించలేదు. పనితనం చూపించే అవకాశంగా అనిపించింది. తెల్ల బొచ్చు మీద నల్లటి చేయి నెగటివ్‌లో పలచగా ఉంటుంది. దాని మీద పెన్సిలుతో వెంట్రుక వెంట్రుకగా బొచ్చు గీశాను. ప్రింటు చూస్తే అక్కడ మనిషి ఉన్నట్టు మీరు కనిపెట్టలేరు. మోచేయి దాకా, భుజం దాకా, పక్కన మోకాలు దాకా పోశాన్ని తీసేశాను.

ఉస్తాద్ ప్రింటును వెలుతురులో తిప్పి చూశాడు. "మంచిగ చేసినవ్," అన్నాడు. కొంచెం ఆగి, "మరి వాని ఫోటో వానికి ఇచ్చినవా?" అన్నాడు.

ఇవ్వలేదు. దూదితో తుడిస్తే పోయే పెన్సిలే అది. తుడిచి, చేయి ఉన్న ప్రింటు ఒకటి తీసి, పోశానికి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. ఆ మనిషి తన జన్మలో ఫోటోలో పడింది అదొక్కసారేనేమో. ఉస్తాద్ అడిగిన తర్వాత కూడా నేను ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదని ఇప్పుడు ఎంత ఆలోచించినా నా మర్యాదకు పనికివచ్చే జవాబు దొరకదు.

మీకు పనికొచ్చే మాట ఒకటి. ఇంట్లోకి పోగానే కుక్క ఎవరిదని అడగకండి, దానికి ఎవరు అన్నం పెడతారో అడగండి. ఆ మనిషిని మీ పక్కన నిలబెట్టుకోండి. ఫోటోలో ఆ మనిషి చేయి పడితే పడనివ్వండి.

ఇస్త్రీ ప్యాంటు

బెల్లంపల్లిలో దుకాణం పెట్టాక బొగ్గు గని కాలనీల్లో కుక్కల పని ఎక్కువ దొరికింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఒకే వరస క్వార్టర్లలో ఉండేవారు. ఒక గుమ్మంలో హిందీ, పక్క గుమ్మంలో మరాఠీ కలిసిన తెలుగు. కుక్కను సాకడం మాత్రం అందరూ ఒకేలా సాకేవారు. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు పిలిచేవారు.

నేను ఇస్త్రీ చేసిన ప్యాంటు వేసుకుని పోయేవాణ్ని. ఫోటో సారంటే అలా ఉండాలని నా నమ్మకం. ఆ ప్యాంటు నా పనిని ఎంత పాడుచేసిందో చెప్తాను. నా కెమెరా రెండు లెన్సులది, పైనుంచి అద్దంలోకి వంగి చూసే రకం. కుక్క ఎత్తుకు దించడానికి అంతకంటే అనువైనది లేదు. నేను మాత్రం మోకాలు వంచితే మట్టి అంటుతుందని నిలబడే తీసేవాణ్ని. పైనుంచి తీస్తే కుక్కకు గుమ్మడికాయంత తల వస్తుంది, కాళ్లు మాయమవుతాయి. పెట్టెలో అలాంటివి బోలెడు.

ఒక ఆఫీసరు ఇంట్లో ఆల్సేషన్‌ను సిమెంటు గచ్చు మీద నిలబెట్టాను. ఒక కాలు ఎత్తుతుంది, అది దించి ఇంకోటి ఎత్తుతుంది. "గొలుసు గట్టిగ గుంజండి సార్, ఆడుతుంది," అన్నాను. ఆయన గుంజాడు. అది మూలిగింది. నా చేతిలోని లెన్సు మూత జారి కింద పడితే తీయడానికి వంగి గచ్చు మీద చేయి ఆనించాను, ఆనించిన చేయి వెంటనే తీసుకున్నాను. పెనంలా ఉంది. అంతసేపూ ఆ కుక్క కాళ్లు కాలుతున్నాయి. నేను చెప్పులేసుకుని దానికి బుద్ధి నేర్పుతున్నాను.

అప్పటినుంచి అరచేయి నేల మీద ఆనించి చూడకుండా ఏ కుక్కనూ నిలబెట్టలేదు. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తప్ప పని పెట్టుకోవద్దు. చలికాలం పొద్దున అన్నిటికంటే మంచిది. తినిపించి ఆశపెట్టి తీయొచ్చని కొందరంటారు. బిస్కెట్ చూపిస్తే మీకు బిస్కెట్‌ను చూస్తున్న కుక్క దొరుకుతుంది, అంతే. నాలుకతో చప్పుడు చేస్తే తల పక్కకు వంచి చూస్తుంది, నిజమే. కానీ ఒక్కసారే చూస్తుంది. రెండోసారి చేస్తే మీ మీద నమ్మకం పోతుంది. వచ్చి వాసన చూడనివ్వండి. మిమ్మల్ని చూడటం పూర్తయ్యి అది తన పనిలో పడేదాకా మీ పని మొదలుకాదు.

ఇదంతా నాకు ఒక్కసారిగా రాలేదు. ముక్కలు ముక్కలుగా తెలుస్తూ వచ్చింది. తెలిసినా పెన్సిలూ కుంచే మాత్రం వదల్లేదు. వాటిని వదిలించింది బాద్‌షా.

చెవి మొలిచిన కుక్క

రాజవ్వ అనే ఆమె ఒక మధ్యాహ్నం నల్లకుక్కను తాడుతో పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"అన్నా, మా ఆయన దవాఖానల ఉన్నడు. కుక్క ఫోటో గావాలెనంటుండు. జర తియ్యరాదు," అంది.

"కుక్కదేనా చెల్లె? నీది వద్దా?"

"నా ఫోటో ఏం జేసుకుంటడు? రోజు అన్నం డబ్బ వట్కపోతనే ఉన్న, నన్ను చూసి చూసి యాష్టకొచ్చింది ఆయనకు. కుక్కనే లోపలికి రానిస్తలేరు."

ఆమె భర్త కొమురయ్య గనిలో దుంగలు నిలబెట్టి పైకప్పు కూలకుండా ఆపే పనిచేసేవాడు. పైనుంచి బొగ్గు పెళ్ల విరిగి కుడికాలు మీద పడింది. పుండు మానలేదు. హైదరాబాదుకు తీసుకుపోయి మోకాలు కింద తీసేయాలని డాక్టర్లు చెప్పారు. ఎన్నాళ్లు ఉండాలో తెలియదు. మగవాళ్ల వార్డు కాబట్టి రాజవ్వను కూడా ఉండనివ్వరు, అతని తమ్ముడు తోడు పోతున్నాడు. అతనికి దగ్గర పెట్టుకోవడానికి బాద్‌షా ఫోటో కావాలి. అతను అడిగింది అంతే.

నేను అప్పటికి తెలుసుకున్నవన్నీ ఆ రోజు మరిచిపోయాను. దుకాణంలో గిరాకులు ఉన్నారు, తొందరగా ఉంది. బాద్‌షాను వెనక సందులో స్తంభానికి కట్టేసి, సున్నం గోడ ముందు, నడినెత్తిన ఎండలో తీశాను. సున్నం గోడకు సరిపోయే వెలుతురు లెక్క కట్టాను. గోడ బ్రహ్మాండంగా వచ్చింది. కుక్క నల్లటి బొక్కలా వచ్చింది. కళ్లు లేవు, మూతి లేదు.

మళ్లీ పిలిపించి తీయాల్సింది. నేను కుంచె తీశాను. ప్రింటు మీద రెండు తెల్ల చుక్కలు పెట్టి కళ్లు చేశాను. ఒక చెవి సగం చిరిగిపోయి ఉంది. నల్లకుక్కకు చెవి పూర్తిచేయడం ఎంతసేపు, నల్ల సిరా చాలు. రెండో చెవికి సరిజోడుగా నిలబెట్టాను. దవాఖానలో ఉన్నవాడు చూసి సంతోషపడతాడనుకున్నాను. ఉంచాల్నా, తియ్యాల్నా అని ఎవరినీ అడగలేదు.

మరునాడు రాజవ్వ ఫోటో పట్టుకుని తిరిగి వచ్చింది. నవ్వుతూనే మొదలుపెట్టింది.

"ఆయన చూసిండు. గిది ఎవలి కుక్క అన్నడు. మనదే, బాద్‌షానే అన్న. 'మరి చెవి ఎట్లొచ్చింది? నేను దవాఖానల వడంగనే మొలిచిందా?' అన్నడు. ఫోటో సారు బాగుచేసిండు కావచ్చు అన్న. 'గంత పనిమంతుడైతే నా కాలు సంగతి గూడ జర చెప్పు. కోసినంక మల్ల మొలిపియ్యమను' అన్నడు."

చెప్పి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. "ఎల్లుండి పొద్దుగాల బండికి తీస్కపోతున్నరు," అంది గోడకు చెప్పినట్టు.

నేను గల్లా మీద తువ్వాల కప్పి, దుకాణం షట్టరు దించి దవాఖానకు పోయాను.

చెవుల డాక్టరు

కొమురయ్య నాకంటే పెద్దవాడు. కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకున్నాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వేనా చెవుల డాక్టరువు?"

"తప్పయింది అన్నా."

"తప్పేముందిలే. నీటుగ చేద్దామనుకున్నవ్. గానీ మా బాద్‌షా నీటుగ ఉండది. పిల్లప్పుడు పంది కరిచింది. నేనే సూది దారంతోని కుట్టిన. నిలువలే. గా చెవి చూస్తే నా కుట్టు యాదికొస్తది."

"మల్ల తీస్త అన్నా. రేపు పొద్దుగాల."

"ఎందుకు, ఊకె పరేషాన్. కట్టేసి తీస్తే మల్ల గట్లనే వస్తది. పోలీసులు దొంగను వట్టి కూసోవెట్టినట్టు."

"కట్టెయ్య. అది ఎప్పుడు మంచిగుంటదో చెప్పు. నీకు ఎట్ల గావాలె?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, పది పన్నెండేళ్ల పనిలో ఎవరినీ అలా అడగలేదని. కొమురయ్య కళ్లు మూసుకున్నాడు. నొప్పి అనుకున్నాను. కాదు, చూస్తున్నాడు.

"మేం డ్యూటీ దిగి వచ్చేటప్పుడు అందరం ఒక్క తీరే నల్లగుంటం," అన్నాడు. "బొగ్గు మసి. నా పిల్లలే నన్ను గుర్తువట్టకపోయేది. గదే గుర్తువడుతది. మా ఇంటి ముంగట మోరి ఉంటది సూడు, గాడ కూసుంటది. సైరన్ అయినంక మంది వస్తుంటరు. నన్ను చూడంగనే ఉరికి రాదు. కూసున్న కాడనే ఒక్క చెవి లేపుతది. చిరిగింది లేవది. ఒక్కటే లేస్తది." చేయి ఎత్తి వేలు నిలబెట్టి చూపించాడు. "గట్ల. గది దొరికితే తియ్యి. లేకుంటే వద్దు, ఫికర్ లేదు. గోడను చూసుకుంట పంటా."

మోరి కాడ

తెల్లారకముందే పాత లుంగీ కట్టుకుని కాలనీకి పోయాను. డిసెంబరు చలి. ఆ వేళకు ప్రతి క్వార్టరు ముందూ బొగ్గు పొయ్యి అంటించి పెడతారు, పొగ పోయేదాకా బయటే ఉంచుతారు. ఆ పొగ వీధి మీద పలచగా పరుచుకుని ఎండను జల్లెడ పట్టినట్టు జల్లిస్తుంది. నల్లకుక్కకు అంతకంటే మెత్తటి వెలుతురు నేను స్టూడియోలో కూడా పెట్టలేను. ఇన్నేళ్లుగా ఆ పొగకు దగ్గుకుంటూ ఆ వీధుల్లోంచి నడిచాను గానీ వెలుతురును చూడలేదు.

ఈసారి గోడ సంగతి వదిలేశాను. నలుపులో వెంట్రుకలు కనిపించేంత వెలుతురు లెక్క కట్టుకున్నాను. గోడ ఎంత తెల్లబడితే అంత తెల్లబడనీ.

మోరి అంచున, ఆ మురుగు కాలువ గట్టున, బోర్లా పడుకున్నాను. రాజవ్వ వాకిట్లో నీళ్లు చల్లుతోంది.

"ఏందన్నా, మోర్ల ఏమన్న పోగొట్టుకున్నవా?"

"నువ్వు నీ పని చేసుకో చెల్లె. నేను లేననుకో."

"ఇంత మనిషి పండుకుంటె లేవనుకునుడు ఎట్ల?"

బాద్‌షా వచ్చి నా చెవి వాసన చూసింది. లెన్సుకు ముక్కు ఆనించింది. తుడుచుకున్నాను. మళ్లీ ఆనించింది, మళ్లీ తుడుచుకున్నాను. మొదటిరోజు కట్టేసినవాణ్ని గుర్తుపట్టి దూరంగా పోతుందని భయపడ్డాను. పోలేదు. నేను దాని ఎత్తులో ఉన్నందుకేమో, కాసేపటికి నన్ను వదిలేసి తన చోట తను కూర్చుంది.

సైరన్ మోగింది. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు దారి నిండా వస్తున్నారు. కొమురయ్య చెప్పింది నిజమే. అందరివీ ఒకే ముఖాలు. బాద్‌షా లేచి నిలబడింది. నేను నొక్కాను. కానీ దారి దాని ముందు ఉంది, నేను దాని వెనక ఉన్నాను. నాకు వీపూ తోకా తప్ప ఏమీ రాలేదు. లేచి అటువైపు ఉరికితే దాని చూపు చెదురుతుంది. పాక్కుంటూ పక్కకు జరిగాను.

"ఏంది ఫోటో సారూ, రాత్రి తాగింది ఇంకా దిగలేదా?" అన్నాడు ఒకతను టోపీ చంకలో పెట్టుకుని.

"మోరిల ఈత కొడుతుండు ర," అన్నాడు ఇంకొకతను.

నేను జరుగుతూనే ఉన్నాను. నేను దాని ముఖం కనిపించే చోటికి చేరేసరికి దారి ఖాళీ అయింది. చివరి మనిషి కూడా పోయాక బాద్‌షా చెవులు వాల్చి మళ్లీ కూలబడింది. తల వంచి దారి వైపే చూస్తోంది. కెమెరా అద్దంలో ఆ ముఖం చక్కగా కూర్చుంది. వెలుతురు బాగుంది, ఫోకస్ బాగుంది. అది చాలా మంచి ఫోటో అయ్యేది. బహుశా నాకు పేరు తెచ్చేది.

నేను నొక్కలేదు. ఆ ముఖం కాలు తీయించుకోవడానికి పోతున్న మనిషి దగ్గర పెట్టుకోవాల్సిన ముఖం కాదు. అతను అడిగింది అది కాదు. ఫిల్ములో ఇంకా కొంచెమే మిగిలింది. రేపు పొద్దున బండి. అయినా ఇక్కణ్నుంచి లేవను అనుకున్నాను. మధ్యాహ్నం సైరన్ దాకా, అదీ కాకపోతే సాయంత్రం సైరన్ దాకా ఇక్కడే పడుకుంటాను. దుకాణం తెరవకపోతే తెరవకపోనీ.

బాద్‌షా లేచి ఇంట్లోకి పోయింది. మంచం కింద ఏదో గీరిన చప్పుడు. ఒక తోలు చెప్పు నోట కరుచుకుని వచ్చి, మోరి పక్కన కూర్చుని, దాన్ని నమలడం మొదలుపెట్టింది.

రాజవ్వ గుమ్మంలోంచి అరిచింది, "బాద్‌షా! మల్ల తెచ్చినవా గది? నీ బాపు రానీ, చెప్త నీ సంగతి!"

బాపు అన్న మాటకు అది తలెత్తింది. నోట్లో చెప్పు అలాగే ఉంది. కళ్లు నా నెత్తి మీదుగా దారిని వెతుకుతున్నాయి. ఒక్క చెవి లేచింది. చిరిగింది లేవలేదు.

నొక్కాను.

స్టేషన్‌లో

ఆ సాయంత్రం ఫిల్ము కడిగి ప్రింటు తీశాను. వెంట్రుకలు కనిపించాయి. కళ్లలో పొగమంచు ఆకాశం ముక్క ఒకటి తెల్లగా మెరిసింది, దాన్ని నేను పెట్టలేదు. గోడ పూర్తిగా తెల్లబడిపోయింది. చెవి కుట్టు తెగిన చోట సన్నటి గీత కూడా తెలుస్తోంది. సిరా బుడ్డీ, కుంచే బల్ల మీదే ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా ప్రింటు ఆరబెట్టి తాళం వేసి ఇంటికి పోయాను.

మీరు ఇప్పుడు ఫోన్‌లో ఒక వేలితో గోడ తీసేస్తారు, మచ్చ తీసేస్తారు, పక్క మనిషిని తీసేస్తారు. నేను పెన్సిలుతో చేసిందే అది. తీయొద్దని నేను అనను. ఉస్తాద్ ఎంతమంది ఆడపిల్లల ముఖాలను అలా నిలబెట్టాడో చూశాను. అడిగి తీయండి. కుక్క చెప్పలేదు కాబట్టి దాన్ని ప్రేమించే మనిషిని అడగండి. అడిగాక వాళ్లు చెప్పిన దాని కోసం బోర్లా పడుకోవాల్సి వస్తే పడుకోండి. అది దొరికేదాకా లేవకండి. ఈ వృత్తిలో నాకు తెలిసింది ఇంతే, అది కూడా ఆలస్యంగా తెలిసింది.

మరునాడు పొద్దున బండి వచ్చే వేళకు స్టేషన్‌కు పోయాను. కొమురయ్యను స్ట్రెచర్ మీద ప్లాట్‌ఫారం మీదికి తెచ్చారు. మెడదాకా రగ్గు కప్పారు. తమ్ముడు సంచులు పట్టుకుని నిలబడ్డాడు. రాజవ్వ తలవైపు కూర్చుని ఉంది. ఫోటో నేను ఇవ్వలేకపోయాను, ఆమె చేతిలో పెట్టాను. ఆమె అతనికి ఇచ్చింది.

కొమురయ్య రెండు చేతులతో ముఖం మీదికి పట్టుకున్నాడు.

"ఆఁ," అన్నాడు. "గిది బాద్‌షా."

తర్వాత బొటనవేలితో ఆ చెవిని నిమిరాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. కళ్లు చిట్లించాడు.

"నోట్లె ఏంది, నా చెప్పా?"

"నీదే," అంది రాజవ్వ. "నువ్వు పోయిన కాన్నుంచి రోజు గదే పని దానికి. మంచం కింద ఒక్కటి ఉండనిస్తలేదు."

"ఏ కాలిది?"

రాజవ్వ నా వైపు చూసింది. ప్రింటును అంతసేపు చూసినవాణ్ని, నేనూ ఆ సంగతి గమనించలేదు. కొమురయ్య ఫోటోను కొంచెం ఏటవాలుగా వెలుతురుకు తిప్పాడు.

"బొటనేలు దిక్కు ఇటుంది," అన్నాడు. "కుడిది."

తమ్ముడు పట్టాల వైపు తిరిగాడు. రాజవ్వ రగ్గు అంచు సర్దుతున్న చేయి ఆగిపోయింది. దూరంగా బండి కూత వినిపించింది, స్ట్రెచర్ మోసేవాళ్లు వంగి పట్టుకున్నారు.

"నమలనియ్యి," అన్నాడు కొమురయ్య. ఫోటోను చొక్కా లోపల పెట్టుకున్నాడు. "కొట్టకు దాన్ని, కుడిది దానికే ఇచ్చేసిన. ఎడమది మాత్రం పైన గూట్లె పెట్టు రాజవ్వా, అందనియ్యకు. వచ్చినంక నేను తొడుక్కోవాలె."

"పెడ్త," అంది రాజవ్వ.